డ్రైవర్ లేదా... వండుకుంటే సరి!

కంపెనీ చేతులెత్తేసిన పాత స్కానర్‌కు ప్రాణం పోయడం సాధ్యమేనా? చాలా సందర్భాల్లో సాధ్యమే. కావాల్సింది కొంచెం ఓపిక, ఉచితంగా దొరికే సోర్స్‌కోడ్, ‘మేక్’ అనే ఒక చిన్న మాట.

‘‘దీనికి డ్రైవర్ దొరకట్లేదండీ...’’ కంప్యూటర్ మెకానిక్ నోట ఈ మాట వచ్చిందంటే ఆ వస్తువుకు నూకలు చెల్లినట్టే. అద్దం పగల్లేదు. మోటారు కాలిపోలేదు. దీపం వెలుగుతూనే ఉంది. అయినా అది అటక ఎక్కాల్సిందే. అక్కడ నాలుగేళ్లు దుమ్ము తిని, చివరికి పాత సామాన్లవాడి బండిలో కిలోల లెక్కన తూకానికి వెళ్లాల్సిందే. మనిషికి భాష రాకపోతే నేర్పిస్తారు. యంత్రానికి భాష రాకపోతే మాత్రం పారేస్తున్నారు!

పెందుర్తి జంక్షన్‌లో ఒక జిరాక్స్ దుకాణం ఉందనుకోండి. సబ్బవరం వైపు నుంచీ కొత్తవలస వైపు నుంచీ వచ్చేవాళ్లు అక్కడే ఆగి ఆధార్ కార్డో, పట్టాదారు పాస్‌పుస్తకమో స్కాన్ చేయించుకుంటారు. పదిహేనేళ్ల కిందట కొన్న స్కానర్ ఇప్పటికీ రాయిలా పనిచేస్తోంది. పాత కంప్యూటర్ నెమ్మదించిందని దుకాణదారు ద్వారకానగర్ వెళ్లి విండోస్ 11 ఉన్న కొత్తది తెచ్చుకున్నాడు. స్కానర్ వైరు గుచ్చాడు. ‘ఈ పరికరం ఏమిటో తెలియడం లేదు’ అంటుంది కంప్యూటర్. మెకానిక్‌ను పిలిస్తే అదే మాట... ‘‘డ్రైవర్ రాదండీ. కొత్తది తీసుకోండి.’’

ఇందులో మెకానిక్ తప్పేమీ లేదు. విండోస్ 11లో 64 బిట్ రకం తప్ప 32 బిట్ రకం లేనే లేదు. ఎక్స్‌పీ కాలంలో 32 బిట్ కోసమే రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. కంపెనీ మళ్లీ కొత్తగా రాసివ్వాలి. ఎప్పుడో అమ్మేసిన వస్తువు కోసం ఆ శ్రమ ఎందుకు పడుతుంది? అది పడకపోతే కొనుగోలుదారు చేయగలిగిందేమీ లేదు. ఎందుకంటే ఆ డ్రైవర్ ఎలా రాశారన్నది కంపెనీ గుట్టు.

సరిగ్గా ఇక్కడే ఇంకో దారి ఉంది. దాని పేరు లిబ్‌యూఎస్‌బీ.

రేవుకొచ్చిన ఓడలా...

ముందు యూఎస్‌బీ సంగతి. 1990ల మొదట్లో కంప్యూటర్ వెనకవైపు చూస్తే కళ్లు తిరిగేవి. కీబోర్డుకో రంధ్రం, మౌస్‌కో రంధ్రం, ప్రింటర్‌కు జానెడు వెడల్పు ప్లగ్గు! ఇంట్లో ప్రింటర్ పనిచేయించడానికి పడ్డ తిప్పలే తనను ఆలోచింపజేశాయని చెప్పారు ఇంటెల్ ఇంజినీర్ అజయ్ భట్. వడోదరలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన ఆయన, తన బృందంతో కలిసి ‘అన్నిటికీ ఒకటే ప్లగ్గు’ అనే ఊహకు రూపమిచ్చారు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డిజిటల్, ఎన్ఈసీ, నార్టెల్... ఏడు కంపెనీలు చేతులు కలిపాయి. 1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడింది. ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. ఇప్పుడు సెల్‌ఫోన్ ఛార్జర్ దాకా అంతా అదే.

వైరు గుచ్చగానే లోపల ఏం జరుగుతుంది? విశాఖవాసులకు ఇది చెప్పడం తేలిక. పోర్టుకు ఓడ వచ్చిందనుకోండి. నేరుగా బెర్తు దగ్గరకు వచ్చేయదు. ముందు బయట లంగరేస్తుంది. పేరేమిటి, ఏ దేశపు జెండా, ఏం సరుకు... అన్నీ చెబుతుంది. అప్పుడు దానికో బెర్తు కేటాయిస్తారు. యూఎస్‌బీ పరికరమూ అంతే. గుచ్చగానే 18 బైట్ల పరిచయపత్రం ఒకటి కంప్యూటర్‌కు అందిస్తుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి తయారీదారు సంఖ్య, రెండోది ఆ మోడల్ సంఖ్య. కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు ఒక చిరునామా ఇస్తుంది. అన్నట్టు, ఇంటెల్ తన తయారీదారు సంఖ్యగా 8086ను పెట్టుకుంది. ఆ కంపెనీకి పేరు తెచ్చిన పాత చిప్పు పేరూ అదే!

బెర్తు దొరికాక సరుకు దించాలి. దానికీ నాలుగు పద్ధతులున్నాయి. కాగితాల పని ఒక పద్ధతి. స్కానర్ బొమ్మలాంటి భారీ సరుకు దించడం రెండోది. కీబోర్డు మీట నొక్కినట్టు చిన్న కబురు వెంటనే చేరవేయడం మూడోది. మాటా పాటా ఆగకుండా టైము ప్రకారం పంపడం నాలుగోది. ఏ పరికరమైనా ఈ నాలుగింటితోనే మాట్లాడుతుంది. అంటే, యూఎస్‌బీ వ్యాకరణం రహస్యమేమీ కాదు. ప్రతి కంపెనీ తన యంత్రం కోసం కట్టుకున్న పదాలే రహస్యం.

గేటు బయటి ఏజెంటు

మామూలుగా డ్రైవర్ అనేది కంప్యూటర్ గర్భగుడిలాంటి ‘కెర్నెల్’లో కూర్చుని పనిచేస్తుంది. అక్కడ చిన్న పొరపాటు జరిగినా మొత్తం కంప్యూటరే కుప్పకూలొచ్చు. అందుకే అక్కడికి అందరినీ రానివ్వరు. లిబ్‌యూఎస్‌బీ చేసిన మేలేమిటంటే, లోపలికి వెళ్లకుండా గేటు బయట నుంచే పని జరిపిస్తుంది. పోర్టు లోపలికి అడుగుపెట్టకుండానే సరుకు విడిపించి తెచ్చే క్లియరింగ్ ఏజెంటు లాంటిదన్నమాట. స్కానర్ ప్రోగ్రామ్ రాసేవాళ్లు ‘ఫలానా సంఖ్య ఉన్న పరికరం తెరువు, ఈ ఆదేశం పంపు, వచ్చింది తీసుకురా’ అంటే చాలు. మిగతా తంటా అంతా ఏజెంటుదే.

దీన్ని జోహానెస్ ఎర్డ్‌ఫెల్ట్ మొదలుపెట్టారు. డేనియల్ డ్రేక్ దాన్ని దాదాపు కొత్తగా రాయగా 2008లో 1.0 విడుదలైంది. కొత్త విడుదలలు ఆలస్యమవుతున్నాయని 2012లో కొందరు వేరుకుంపటి పెట్టుకున్నారు. 2014కల్లా మళ్లీ ఒకే గూటికి చేరారు. ఇప్పుడది లినక్స్, విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్... అన్నిటిలోనూ పనిచేస్తుంది. సోర్స్‌కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు.

అయితే ఏజెంటు ఉన్నంత మాత్రాన స్కానర్ కదలదు. దాని భాష తెలిసినవాళ్లు కావాలి. స్కానర్ల కోసం ఆ పని చేసేది ‘సేన్’ అనే ప్రాజెక్టు. చాలా మోడళ్లకు కంపెనీలు వివరాలు ఇవ్వలేదు. అప్పుడు ఔత్సాహికులు ఏం చేశారంటే, విండోస్ డ్రైవర్‌కీ స్కానర్‌కీ మధ్య వైరులో నడిచే సంభాషణను మూటగట్టుకుని, ఏ ఆదేశానికి ఏం కదులుతుందో ఓపికగా విడదీశారు. కానన్, ఎప్సన్ వంటి కంపెనీల పాత స్కానర్లు ఎన్నో ఇవాళ లినక్స్‌లో పనిచేస్తున్నాయంటే వాళ్ల చలవే.

‘ఇవ్వను’ అన్నందుకు...

సోర్స్‌కోడ్ అందరిదీ కావాలనే ఈ ఉద్యమానికి మూలం కూడా ఇలాంటి మొరాయించిన యంత్రమే కావడం విచిత్రం. అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసే రోజులవి. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు అందేలా ఆయన దాని ప్రోగ్రామ్‌ను సవరించారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అదీ కాగితం మింగేది. సవరిద్దామంటే సోర్స్‌కోడ్ లేదు. అది తన దగ్గరున్న వేరే విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానంటూ తిప్పి పంపేశాడు. ఆ ‘ఇవ్వను’ స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబరులో ఆయన ‘గ్నూ’ ప్రాజెక్టు ప్రకటించారు. నేటి లినక్స్ కంప్యూటర్లలో చాలావాటికి అది పునాది.

తెలుగునాట ఆ దివిటీ పట్టుకున్నది ‘స్వేచ్ఛ’ సంస్థ. ఇంజినీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులు చేతులు కలిపి గ్నూ లినక్స్‌ను తెలుగు మెనూలతో అందించారు. ‘ఉచితం’ అనకుండా ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకోవడంలోనే విషయమంతా ఉంది. డబ్బు మిగలడం చిన్న లాభం. ఎవరి దయ మీదా ఆధారపడకపోవడం అసలు లాభం.

వంటింటి లెక్క

మరి సోర్స్‌కోడ్ నుంచి లైబ్రరీ తయారుచేయడమంటే? బజారులో సీసాలో దొరికే ఆవకాయ కొనుక్కోవడం ఒక పద్ధతి. కొలతలు తెలుసుకుని ఇంట్లో కలుపుకోవడం ఇంకో పద్ధతి. సోర్స్‌కోడ్ అంటే కొలతల కాగితం. దాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చడమే ‘కంపైల్’ చేయడం.

నిజం చెప్పాలంటే చాలామందికి సీసా ఆవకాయ చాలు. ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్‌లలో లిబ్‌యూఎస్‌బీ ముందే ఉంటుంది. లేకపోతే ఒక్క ఆదేశంతో వచ్చేస్తుంది. పాత లినక్స్‌లో పాత వెర్షన్ ఉండి, కావాల్సిన ప్రోగ్రామ్ కొత్తది అడిగినప్పుడు... కొత్తగా సరిచేసిన దోషం ఇంకా ప్యాకేజీలోకి రానప్పుడు... లేదా అసలు లోపలేముందో నేర్చుకోవాలని ఉన్నప్పుడు... సొంత వంట అవసరమవుతుంది.

పద్ధతి ఇదీ. ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలని గుర్తుంచుకోవాలి.

మొదట సామగ్రి. సీ భాషను కంపైల్ చేసే ‘జీసీసీ’, ‘మేక్’ కావాలి. ఉబుంటులో ‘బిల్డ్ ఎసెన్షియల్’ అనే ప్యాకేజీ వేసుకుంటే రెండూ వస్తాయి. దాంతోపాటు ‘లిబ్‌యుడెవ్ డెవ్’ అనే ప్యాకేజీ కూడా వేసుకోవాలి. పరికరం గుచ్చినప్పుడూ తీసినప్పుడూ కబురు అందేది దాని ద్వారానే.

రెండోది, లిబ్‌యూఎస్‌బీ అధికారిక సైటు నుంచి సోర్స్ మూట దించుకుని ‘టార్’తో విప్పాలి. లోపల ఫైళ్ల పేర్లు చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. ‘డిస్క్రిప్టర్’ ఫైలు పరిచయపత్రాలు చదివేది. ‘ఐఓ’ సరుకు రవాణా చూసేది. ‘హాట్‌ప్లగ్’ గుచ్చడం, తీయడం కనిపెట్టేది.

మూడోది ‘కాన్ఫిగర్’. ఆ ఫోల్డర్‌లో నిలబడి డాట్, స్లాష్, కాన్ఫిగర్ అని కొడితే తెరమీద వరసలు పరుగెడతాయి. భయపడక్కర్లేదు. కారం ఉందా, ఆవపిండి ఉందా, నూనె సరిపోతుందా అని గృహిణి డబ్బాలు మూతలు తీసి చూసుకున్నట్టు, కంప్యూటర్‌లో కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో అది చూసుకుంటోంది. ఏదైనా లేకపోతే ఆగి, ఫలానాది లేదని చెబుతుంది. ఎక్కువమంది ఆగిపోయేది లిబ్‌యుడెవ్ దగ్గరే.

నాలుగోది ‘మేక్’. అసలు వంట ఇదే. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. అక్కడ ఒకాయన ప్రోగ్రామ్‌లో తప్పు దిద్ది కూడా ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరచిపోయి, ఉదయమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నారట. ఆ బాధ చూసి పుట్టిందే మేక్. ఏ ఫైలు మారిందో కనిపెట్టి దాన్ని మాత్రమే మళ్లీ వండడం దీని ప్రత్యేకత. లిబ్‌యూఎస్‌బీ చిన్నది కాబట్టి మామూలు కంప్యూటర్‌లోనూ కొద్దిసేపట్లో అయిపోతుంది.

ఐదోది ‘మేక్ ఇన్‌స్టాల్’. వండింది వడ్డించడం. దీనికి మాత్రం ముందు ‘సుడో’ చేర్చి యజమాని అధికారం ఇవ్వాలి. కాన్ఫిగర్, మేక్ మెట్లకు ఆ అధికారం అక్కర్లేదు, ఇవ్వకూడదు కూడా. తయారైన లైబ్రరీ ‘యూఎస్ఆర్, లోకల్, లిబ్’ అనే అరలో చేరుతుంది.

ఆరోది చాలామంది మరచిపోయేది... ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’. కొత్త డబ్బా ఏ అరలో ఉందో ఇంటిల్లిపాదికీ చెప్పడమన్నమాట. ఇది చేయకపోతే అంతా సరిగ్గా చేసినా ప్రోగ్రామ్ మొదలవగానే ‘లైబ్రరీ కనిపించడం లేదు’ అంటుంది. వంట చెడిందనుకుని మళ్లీ మొదటికొస్తారు పాపం!

అంతా అయ్యాక స్కానర్ గుచ్చి ‘ఎల్ఎస్ యూఎస్‌బీ’ అని కొట్టి చూడాలి. తయారీదారు సంఖ్య, మోడల్ సంఖ్య కనిపిస్తే ఓడ రేవులోకి వచ్చినట్టే. సంఖ్య కనిపించినా, యజమాని అధికారంతో నడిపితేనే పనిచేసి మామూలుగా నడిపితే మొరాయిస్తే మాత్రం గేట్‌పాస్ సమస్య. ఆ పరికరాన్ని మామూలు వాడుకరి ముట్టుకోవచ్చని ‘యుడెవ్’ నియమం ఒకటి రాయాలి. సేన్ ప్యాకేజీతో చాలా స్కానర్లకు ఆ నియమాలు వాటంతటవే వస్తాయి.

ఇంకో జాగ్రత్త. సోర్స్ ఫోల్డర్‌ను అప్పుడే తుడిచేయకూడదు. పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ రెండూ ఉంటే ఉబుంటు, డెబియన్లలో సాధారణంగా కొత్తదే ముందు అందుతుంది. దానివల్ల వేరే ప్రోగ్రామ్‌కు ఇబ్బంది వస్తే, అదే ఫోల్డర్‌లో ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ కొట్టి, మరోసారి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే యథాస్థితి.

నమ్మకం సరే... చూపు కూడా ఉండాలి

సోర్స్‌కోడ్ కళ్లముందు ఉంది కదా, ఇక మోసమే ఉండదనుకోవచ్చా? 2024 మార్చిలో ప్రపంచమంతా ఉలిక్కిపడిన సంగతి ఒకటుంది. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే ప్రోగ్రామ్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. దాన్ని మేల్కొలిపే ముక్కను అందరూ చూసే కోడ్‌లో ఉంచలేదు. విడుదల చేసిన సోర్స్ మూటలోని కాన్ఫిగర్ సరంజామాలో దాచారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన కంప్యూటర్‌లో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్లి దాన్ని పట్టేశారు. అర సెకనే కదా అని ఊరుకుని ఉంటే ఎన్ని సర్వర్లకు కన్నం పడేదో!

ఇందులో పాఠాలు రెండు. సోర్స్ మూటను అధికారిక చోటు నుంచే తీసుకోవాలి. దానితో పాటు ఇచ్చే సంతకాన్ని సరిచూసుకోవాలి. ‘ఇదిగో డ్రైవర్, ఇక్కడ నొక్కండి’ అని ఊరించే సైట్ల నుంచి ససేమిరా తీసుకోకూడదు. రెండో పాఠం ఊరటనిచ్చేది. కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆ దొంగదారి బయటపడింది. మూసిన పెట్టె అయితే తవ్వడానికి దారే ఉండేది కాదు.

స్కానర్ ఒక్కటే కాదు

ఈ ఏజెంటుకు ఖాతాదారులు చాలామందే ఉన్నారు. డిజిటల్ కెమెరాల నుంచి ఫొటోలు లాగే ‘జీఫొటో’, ఇంజినీరింగ్ విద్యార్థులు చిన్న చిప్పుల్లోకి ప్రోగ్రామ్ ఎక్కించే ‘ఏవీఆర్‌డ్యూడ్’ వంటివి దీని మీద ఆధారపడినవే. ఇంకో తమాషా ఉంది. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి అమ్మిన చవక యూఎస్‌బీ ముక్క ఒకటి, 2012లో ఔత్సాహికుల చేతిలో పడి విశాలమైన రేడియో రిసీవర్‌గా మారింది. కంపెనీ ఊహించని పని అది! ఓడలు తమ పేరు, తామున్న చోటు తెలుపుతూ పంపే సంకేతాలను కూడా దాంతో పట్టుకుంటున్నారు. మన దేశంలో రేడియో పరికరాల విషయంలో నిబంధనలున్నాయి కాబట్టి అవి తెలుసుకున్నాకే చేయి పెట్టాలి.

అన్నిటికీ ఇది సంజీవని కాదు. కొన్ని స్కానర్లు ఏ ఔత్సాహికుడికీ లొంగలేదు. కొన్నిటికి కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఫైలు తప్పనిసరి. అందుకే శ్రమ పడేముందు సేన్ వాళ్ల జాబితాలో మోడల్ పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే మాత్రం పెందుర్తి దుకాణదారుకు మంచి మార్గమే ఉంది. కొత్త కంప్యూటర్‌ను కదిలించనక్కర్లేదు. మూలపడేసిన పాతదాంట్లో లినక్స్ వేసి, దాన్ని స్కానింగ్‌కే కేటాయిస్తే సరి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 ఏర్పాటు లేని కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఇలాంటి పనికి పనికొస్తాయి.

ఇది ఒక్క ఇంటి ఖర్చు లెక్క మాత్రమే కాదు. ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది అందులో నాలుగో వంతు కూడా లేదు. ఆ గుట్టలో నిజంగా చెడిపోయినవెన్నో, మాట కలిపేవాళ్లు లేక మూగబోయినవెన్నో!

పెందుర్తిలోనైనా పార్వతీపురంలోనైనా ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే, ఈ సెలవుల్లో అటక మీది పాత స్కానర్‌ను వాళ్ల చేతికివ్వండి. పనిచేస్తే తాతగారి పాత ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. పనిచేయకపోయినా, కాన్ఫిగర్ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చదివి తెలుసుకున్న పిల్లాడు రేపు ‘డ్రైవర్ లేదు’ అనే మాట దగ్గర ఆగిపోడు.